గడియ పడని తుపాకీ

తలుపు దగ్గరగా వేసినంత మాత్రాన ఇంటికి రక్షణ కలగదు, గడియ కూడా పడాలి. తూటాను వెనుకనుంచి ఎక్కించే తుపాకుల్లో చాలావాటికి ఈ సూత్రమే వర్తిస్తుంది. తూటా పేలినప్పుడు పుట్టే వాయువులు ముందువైపు గుండ్లను ఎంత బలంగా నెడతాయో వెనుకవైపు తూటా అడుగును కూడా అంతే బలంగా నెడతాయి కాబట్టి, ఆ వెనుకటి దారిని ఉక్కుతో మూసి, ఆ ఉక్కు జరగకుండా గొట్టానికి బిగించి పట్టే అమరిక ఒకటి ఉండి తీరాలి. ఆ బిగింపునే ‘లాక్’ అంటారు, తెలుగులో గడియ అనుకోవచ్చు. అది సరిగా పడుతున్నదో లేదో గుర్తించడం, పడనప్పుడు ఏమి చేయకూడదో తెలుసుకోవడం లైసెన్సున్న రైతుకూ, బ్యాంకు గుమ్మంలో నిలబడే కాపలాదారుకూ, వారి పక్కన మసలేవారికీ ప్రాణావసరం.

అనంతపురం పీఠభూమిలో ఈ సంగతికి మరింత ప్రాధాన్యం ఉన్నది. 2022లో రెండు జిల్లాలుగా విడిపోయిన ఈ కరువు సీమలో ఏడాది మొత్తానికి కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లోనే ఉంటుంది. నైరుతి గాలులు వీచే నెలల్లో మేఘాలకంటె దుమ్మే ముందుగా వస్తుంది. కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల్లో హగరి నది ఇసుక గాలికి లేచి పొలాల మీద దిబ్బలుగా పేరుకుంటుంది. అంతటి గాలిలో తుపాకీ లోపలి సందుల్లోకి ధూళి చేరకుండా ఉండదు. ఇక్కడి పల్లెల్లో లైసెన్సు తుపాకులు చాలావరకు ఒంటి గొట్టం, రెండు గొట్టాల రకాలే. సెమీ ఆటోమేటిక్ తుపాకీ, అనగా పేలిన తూటా శక్తితోనే ఖాళీ తొడుగును బయటికి విసిరి తరువాతి తూటాను తానే ఎక్కించుకునేది, అరుదు. దానికి నిబంధనలు కూడా మరింత కఠినమైనవి. లైసెన్సు ఉన్నంత మాత్రాన శెనక్కాయ చేను తవ్వే అడవిపందిని కాల్చే హక్కు రాదనీ, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం అధికారి లిఖితపూర్వకంగా అనుమతించవలసి ఉంటుందనీ కూడా గుర్తుంచుకోవాలి.

ఈ గడియ సమస్య తుపాకీతో పాటు పుట్టింది కాదు. 1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాక, 1807 వరకు కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో పాళెగాళ్ళను అణచిన కాలంలో తుపాకులకు మూతివైపునుంచే మందు దట్టించేవారు. వెనుకభాగం శాశ్వతంగా మూసి ఉండేది కనుక గడియతో పనే ఉండేది కాదు. వెనుకనుంచి తూటా పెట్టే పద్ధతి వచ్చిన తరువాతనే, తెరవడానికి సులభంగానూ మూశాక గొట్టంతో ఏకమైనంత గట్టిగానూ ఉండే తలుపును తయారుచేయడం పనివారికి సవాలుగా మారింది. తనంతట తాను తెరుచుకుని మూసుకునే తుపాకీలో ఆ సవాలు రెట్టింపయింది. అమెరికాకు చెందిన జాన్ బ్రౌనింగ్ 1898 ప్రాంతంలో రూపొందించిన ఆటో-5 అటువంటి షాట్‌గన్నులలో తొలి విజయం, బెల్జియంలో ఎఫ్.ఎన్. సంస్థ దాన్ని తయారుచేసింది.

ఆటో-5లోనూ, తరువాత వచ్చిన రెమింగ్టన్ 1100 వంటి వాటిలోనూ గడియ పనిచేసే తీరు ఒకటే. వెనుక మూతగా ఉండే ఉక్కు ముక్కను బోల్టు అంటారు. స్ప్రింగు బోల్టును ముందుకు నెట్టి తూటాను గొట్టం వెనుక కొసన ఉండే గదిలోకి చేర్చిన తరువాత, చివరి కొద్ది మిల్లీమీటర్ల ప్రయాణంలో బోల్టులోని గడియ దిమ్మ పైకి లేచి, గొట్టానికి వెనుక పొడిగించిన భాగంలోని గాడిలో కూర్చుంటుంది. బెనెల్లి వంటి మరికొన్నింటిలో దిమ్మ లేవడానికి బదులు బోల్టు తల కొంచెం తిరిగి చెవులతో పట్టుకుంటుంది. దిమ్మ కూర్చున్నా, తల తిరిగినా పని ఆ చివరి కొద్ది మిల్లీమీటర్లలోనే జరుగుతుంది.

12 బోరు తూటాలో పీడనం చదరపు అంగుళానికి సుమారు 11,500 పౌండ్ల వరకు ఉండవచ్చు; కారు టైరులోని గాలి పీడనానికి ఇది 350 రెట్లకు పైమాటే. తూటా అడుగు వైశాల్యంతో లెక్కిస్తే, గడియ భరించే తోపుడు ఆ క్షణంలో రెండు టన్నులు దాటుతుంది. ఆ బరువును మోయవలసిన దిమ్మ గాడిలో సగమే కూర్చుని ఉంటే అంచు మాత్రమే భారం మోసి అరుగుతుంది, లేదా జారిపోతుంది. అసలే కూర్చోకపోతే తూటా తొడుగు చీలి, మండే వాయువులు, లోహపు తునకలు కాల్చేవాడి ముఖం మీదికి వస్తాయి. అందుకే మంచి తుపాకుల్లో గడియ పూర్తిగా పడేదాకా ట్రిగ్గర్ పని చేయకుండా గానీ, ఫైరింగ్ పిన్ అనే సూది తూటాను చేరకుండా గానీ అడ్డు ఏర్పాటు చేస్తారు. అయితే ఆ అడ్డు కూడా అరిగిపోయే ఇనుమే.

గడియ పడకపోవడానికి కారణాలు చాలావరకు సాదాసీదావి. మొదటిది మురికి. పేలిన మందు మసి, ధూళి, అతిగా పూసిన నూనె కలిసి నల్లని మడ్డిగా మారి గాడిలో పేరుకుంటాయి. ఇంట్లో దొరికిందని వంటనూనె పూస్తే అది కొంతకాలానికి జిగురై స్ప్రింగు వేగాన్ని పట్టి ఆపుతుంది. రెండవది తూటా. తేమకు ఉబ్బిన తూటా, అంచు వంగిన తూటా గదిలో చివరిదాకా దిగవు. మూడవది స్ప్రింగు. పై రెండు పాత రకాలలోనూ బోల్టును నెట్టే స్ప్రింగు మడమలోని గొట్టంలో ఉంటుంది కాబట్టి, దాని తుప్పు కంటికి కనిపించదు. నాలుగవది భాగాలను విప్పి తప్పుగా బిగించడం. ఆటో-5లో తూటా బలాన్నిబట్టి అమర్చవలసిన ఘర్షణ వలయాలు తారుమారైతే తుపాకీ తరువాతి తూటాను సరిగా ఎక్కించుకోదు, లేదా ప్రతి పేలుడుకూ తన్నే దెబ్బకు లోపలి భాగాలు దెబ్బతింటాయి. చివరిది చేతి అలవాటు. చప్పుడవుతుందని బోల్టు పిడిని చేత్తో పట్టి మెల్లగా ముందుకు వదిలితే, గడియ వేయడానికి కావలసిన ఊపు దానికి అందదు.

లోపం ముందే కొన్ని గుర్తులు చూపుతుంది. బోల్టు పిడి ఎప్పుడూ ఆగే చోటికంటె వెనుకనే నిలవడం, ట్రిగ్గర్ నొక్కినా ఉత్త టిక్కుమనడం, తూటా అడుగున ప్రైమరు అనే చిన్న లోహపు మూత మీద సూది గుర్తు లోతుగా పడకపోవడం మొదటి హెచ్చరికలు. బయటపడిన ఖాళీ తొడుగు అడుగు ఉబ్బి ఉన్నా, అంచు చీలినా, కాల్చేటప్పుడు ముఖానికి వేడి గాలి తగిలినా ఆ తుపాకీని ఇక ఒక్కసారి కూడా పేల్చకూడదు. రెండు గొట్టాల తుపాకీకైతే మూసిన తరువాత గొట్టాలు కదలడం, పైమీట తన స్థానానికి రాకపోవడం ఇటువంటి గుర్తులే.

తూటా పేలకపోతే వెంటనే తెరవకూడదు. నిప్పు ఆలస్యంగా అంటుకునే అవకాశం ఉంటుంది కాబట్టి, మూతిని మనుషులు లేని దిక్కుకే ఉంచి కనీసం 30 సెకన్లు, వీలైతే ఒక నిమిషం ఆగాలి. ఆ తరువాత గదిలోనూ మేగజైనులోనూ ఉన్న తూటాలన్నిటినీ తీసి, కంటితోనూ వేలితోనూ ఖాళీ అని నిర్ధారించుకుని, గొట్టంలో అడ్డేమైనా ఉన్నదేమో వెనుకనుంచి వెలుతురుకు పెట్టి చూడాలి. 20 బోరు తూటా పొరపాటున 12 బోరు గదిలో పడితే లోపలికి జారి గొట్టం మొదట్లో ఇరుక్కుంటుంది, దాని వెనుక 12 బోరు తూటా పేలితే గొట్టమే బద్దలవుతుంది. 20 బోరు తూటాలకు పసుపు రంగు వాడే ఆనవాయితీ ఈ ప్రమాదం వల్లనే నిలిచింది.

యజమాని చేయదగిన పని అక్కడితో దాదాపు పూర్తవుతుంది. తయారీదారు పుస్తకం చెప్పిన మేరకు విప్పి, మసి తుడిచి, పలుచగా తుపాకీ నూనె రాసి, సరైన పొడవు గల కొత్త తూటాలను ఎంచుకోవచ్చు. గడియ దిమ్మను ఆకురాయితో రాయడం, స్ప్రింగును సాగదీయడం, బోల్టు పిడిని సుత్తితోనో అరచేతితోనో కొట్టి మూయడం మాత్రం ఎన్నడూ తగదు. 1959 నాటి ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం తుపాకీ మరమ్మతు లైసెన్సు ఉన్నవారే చేయాలి; పేలుడు తాకిడిని మోసే ఉక్కును కొలిచి చూసే సాధనాలూ అనుభవమూ వారి వద్దనే ఉంటాయి.

ఎన్నికల కాలంలో స్టేషనులోనో డీలరు వద్దనో అప్పగించిన తుపాకులు నెలల తరబడి కదలక ఉంటాయి. ఆరిపోయిన నూనె, చేరిన ధూళి, లోపల పట్టిన తుప్పు తెరిచి చూస్తే తప్ప తెలియవు కనుక, తిరిగి చేతికి వచ్చిన నాడే ఖాళీ తుపాకీతో గడియను పరీక్షించి, శుభ్రం చేసిన తరువాతనే వాడుకలోకి తేవడం మేలు.

మూసుకోకుండా మొరాయించే తుపాకీ యజమానికి నిజానికి మేలే చేస్తున్నది. తనలోని లోపాన్ని పేలకముందే చెబుతున్నది. ఆ రాత్రికి కాపలా వదులుకుని తుపాకీని మూలన పెట్టవలసి రావచ్చు, పందులు నాలుగు సాళ్ళు తవ్వి పోవచ్చు. తవ్విన సాళ్ళను వచ్చే కారులో మళ్ళీ విత్తుకోవచ్చు గానీ పోయిన కంటిచూపును తిరిగి తెచ్చుకోలేరు.