శిథిలాలు ఎత్తిన చేతులే వాద్యాన్ని పలికించాయి

వాద్యం వాయించే వారికి చేతులే పెట్టుబడి. ఆ చేతులు నాజీల నిర్బంధ శిబిరాలలో పాడైపోయినా, వాటితోనే సాధన చేసి ప్రపంచ ఖ్యాతి గడించిన విదుషీమణి జుజానా రుజిచ్కోవా. ఆమె వాద్యం హార్ప్సికార్డ్. దేశం చెకొస్లోవేకియా.

హార్ప్సికార్డ్ చూడటానికి పియానోలాగే ఉంటుంది. హార్మోనియంకు ఉన్నట్టే మెట్లుంటాయి. మెట్టు నొక్కితే లోపల సన్నని చెక్క ముక్క పైకి లేస్తుంది. దానికి అమర్చిన ఈక ముల్లు తీగను మీటుతుంది. మన వీణలో వేలు చేసే పనిని ఇక్కడ ఆ ముల్లు చేస్తుందన్న మాట. పియానోలో అయితే చిన్న సుత్తి తీగను కొడుతుంది. అందుచేత పియానోపై గట్టిగా నొక్కితే ధ్వని పెరుగుతుంది. హార్ప్సికార్డ్‌లో ఎంత గట్టిగా నొక్కినా పెద్దగా తేడా ఉండదు. అంతా వేళ్ల నేర్పులోనూ, కాల ప్రమాణంలోనూ ఉంది. పియానో వచ్చాక ఈ వాద్యం మూలపడింది. 20వ శతాబ్దంలో వాండా లాండోవ్‌స్కా అనే విదుషి దీనికి మళ్లీ ప్రాణం పోశారు.

బాల్యం

జుజానా 1927 జనవరి 14న ప్ల్జెన్ పట్టణంలో ఒక యూదు కుటుంబంలో జన్మించారు. తండ్రికి బొమ్మల దుకాణం ఉండేది. చిన్నతనంలో ఊపిరితిత్తుల జబ్బుతో మంచం పట్టిన ఆమె, నయమైతే ఏం కావాలని అడిగితే పియానో పాఠాలు కావాలన్నారట. పాఠం చెప్పిన ఉపాధ్యాయురాలు ఆమెకు జర్మన్ వాగ్గేయకారుడు బాఖ్ (1685-1750) సంగీతాన్ని పరిచయం చేశారు. ఈ అమ్మాయికి హార్ప్సికార్డ్ తగినదని గుర్తించి లాండోవ్‌స్కాకు ఉత్తరం రాశారు. బడి చదువు పూర్తికాగానే పారిస్ దగ్గరున్న లాండోవ్‌స్కా పాఠశాలకు పంపాలని అనుకున్నారు.

ఈలోగా 1939లో హిట్లర్ సేనలు ఆ దేశాన్ని ఆక్రమించాయి. యూదులకు చదువులు, ఉద్యోగాలు మూతపడ్డాయి. 1942 జనవరిలో జుజానా కుటుంబాన్ని తెరెజీన్ శిబిరానికి తరలించారు. తండ్రి అక్కడే కన్నుమూశారు. 1943 డిసెంబరులో తల్లీకూతుళ్లను ఔష్విట్జ్‌కు పంపారు. బయలుదేరే ముందు జుజానా, బాఖ్ రచనలలో తనకెంతో ఇష్టమైన ఒక చిన్న భాగాన్ని కాగితంపై స్వరాలతో రాసుకున్నారు. దాన్ని రక్షరేకులా వెంట పెట్టుకున్నారు.

1944లో హాంబర్గ్ నగరంలో బాంబులకు కూలిన శిథిలాలు ఎత్తడం వంటి వెట్టిచాకిరి చేయించారు. అక్కడి నుంచి బెర్గెన్ బెల్సెన్. ఆ శిబిరంలో ఆకలికి, అంటురోగాలకు వేల మంది రాలిపోయారు. 1945 ఏప్రిల్ 15న బ్రిటిష్ సైన్యం వచ్చి విడిపించేనాటికి తల్లీకూతుళ్లు ప్రాణాలతో మిగిలారు.

మళ్లీ మొదటి పాఠం

ఇల్లు చేరేసరికి జుజానాకు పద్దెనిమిదేళ్లు. చేతులు కాయలు కాచి, దెబ్బతిని ఉన్నాయి. సాధన లేక ఏళ్లు గడిచాయి. ఆమె చేతులు చూసి గురువు కంటతడి పెట్టారు. సంగీతం మాట మరచిపొమ్మని చెప్పిన వారున్నారు. ఆమె వినలేదు. పసిపిల్లలు నేర్చే పాఠాల దగ్గర మొదలుపెట్టి, రోజుకు ఎన్నో గంటలు కూర్చుని, ఒక్కొక్క వేలినీ దారికి తెచ్చుకున్నారు. 1947లో ప్రాగ్ నగరంలోని సంగీత అకాడమీలో చోటు సంపాదించారు. 1952లో స్వరకర్త విక్టర్ కలాబిస్‌ను వివాహమాడారు.

1956లో మ్యూనిక్‌లో జరిగిన అంతర్జాతీయ పోటీతో ఆమె పేరు బయటి దేశాలకు తెలిసింది. అయితే స్వదేశంలో కష్టాలు తీరలేదు. 1948 నుంచి కమ్యూనిస్టుల పాలన. భార్యాభర్తలిద్దరూ పార్టీలో చేరడానికి నిరాకరించారు. విదేశీ కచేరీలలో వచ్చిన సొమ్ములో అధిక భాగం ప్రభుత్వానికే పోయేది. ఎన్నో ఏళ్లు పాఠాలు చెప్పినా, ప్రొఫెసర్ హోదా మాత్రం ఆ ప్రభుత్వం కూలిన తర్వాత 1990లోనే దక్కింది.

1965 నుంచి 1975 వరకు పదేళ్లు శ్రమించి, ఒక ఫ్రెంచి కంపెనీ కోసం బాఖ్ కీబోర్డు రచనలన్నింటినీ ఆమె రికార్డు చేశారు. హార్ప్సికార్డ్‌పై ఆ పని పూర్తి చేసిన మొదటి వ్యక్తి ఆమే. 2016లో వాటిని 20 డిస్కులుగా తిరిగి విడుదల చేశారు. మరుసటి ఏడు, 2017 సెప్టెంబరు 27న, 90వ ఏట ప్రాగ్‌లో ఆమె మరణించారు.

ఇక పనికిరావని ఒకనాడు పెద్దలు తేల్చేసిన చేతులు వాయించిన సంగీతం ఆ 20 డిస్కులలో ఉంది.