గాదె చాలనప్పుడు

బస్తర్ అడవులలో వేసవి ముగిసి తొలకరి దగ్గరపడే వేళకు ఇప్పకాయలు పండుతాయి. గిరిజనులు వాటి గింజలనుండి నూనె తీసి వంటకూ దీపానికీ వాడుకుంటారు. చెట్టు ఆ నూనెను దాచింది మొలకెత్తబోయే తన బిడ్డ కోసం. మానవదేహం కూడ ఇట్లే కరవుకాలానికని కొవ్వును దాచుకుంటుంది. ఒక్కొక్క కొవ్వు కణమూ ఒక చిన్న గాదె. మరి ఆ గాదెను కట్టే మేస్త్రీ ఎవరు?

1994లో అమెరికాలోని బోస్టన్ నగరంలో బ్రూస్ స్పీగెల్‌మన్, పీటర్ టొంటొనాజ్ ప్రభృతులు ఈ ప్రశ్నకు జవాబు చెప్పారు. ‘పీపార్-గామా’ అనే జన్యువును మామూలు పీచుకణాలలో ప్రవేశపెట్టగా, అవి తమ పూర్వరూపం విడిచి కొవ్వు కణాలైనాయి! ఈ జన్యువు తయారుచేయించే ప్రోటీను తక్కిన జన్యువులను నిద్ర లేపి పనికి పురమాయిస్తుంది.

కొవ్వు కణమంటే మనకు చిన్నచూపు. అది అన్యాయం. 1999లో కేంబ్రిడ్జి పరిశోధకులు ఈ జన్యువు చెడిన కొందరు రోగులను పరీక్షించారు. వారిలో ఇన్సులిన్ సరిగా పనిచేయక, మధుమేహమూ రక్తపోటూ ముదిరాయి. గాదె పట్టని ధాన్యం ఇల్లంతా పరచుకున్నట్లు, చోటు చాలని కొవ్వు కాలేయంలోకీ కండరాలలోకీ చేరుతుంది. అక్కడే ప్రమాదం. పయోగ్లిటజోన్ అనే మందు ఈ ప్రోటీనునే ప్రేరేపిస్తుంది. రోగి బరువు కాస్త పెరుగుతుంది, రక్తంలో చక్కెర మాత్రం తగ్గుతుంది! (గుండె బలహీనులకు ఈ మందు పనికిరాదు.)

2011లో కెనడాలోని ఒక పరిశోధనలో దక్షిణాసియా సంతతివారిని ఐరోపా సంతతివారితో పోల్చి చూశారు. మనవారి కొవ్వు కణాలు ఎక్కువగా ఉబ్బి ఉన్నాయి. కాలేయంలోనూ కొవ్వు హెచ్చుగా కనిపించింది. ఉన్న గాదెలనే కూరి కూరి నింపారన్నమాట.

సన్నని దేహాలు సామాన్యమైన బస్తర్ వంటి సీమలకు ఈ సంగతి మరీ ముఖ్యం. చక్కెర వ్యాధి బొజ్జగలవారి జబ్బనుకుంటే బక్కపలచని రోగిని పరీక్షించే వారుండరు. అందుకే 2009లో మన వైద్యనిపుణులు, పాశ్చాత్యుల కొలతలు మనకు సరిపడవని నిర్ణయించారు. బరువును కిలోలలో, ఎత్తును మీటర్లలో తీసుకొని, బరువును ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె అక్కడ 25 దాటితే అధికబరువు. మనకు 23 నుండే. నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే రక్తపరీక్ష అవసరం. ఈ కొలతకు దర్జీవాని టేపు చాలు.