మోబీ డిక్ 135 అధ్యాయాలు.. సెమిస్టర్ 15 వారాలు

ఎంఏ ఇంగ్లిష్‌లో అమెరికన్ లిటరేచర్ పేపర్ సిలబస్ ఒక్క పేజీలో అయిపోతుంది. అందుకే చాలామంది ‘చివర్లో చూసుకుందాంలే’ అనుకుంటారు. కానీ అందులోని పుస్తకాలన్నీ ఒకే బరువువి కావు. హెమింగ్వే ‘ది ఓల్డ్ మ్యాన్ అండ్ ది సీ’ (1952) ఒక ఆదివారంలో అయిపోతుంది. మెల్విల్ ‘మోబీ డిక్’ (1851)లో 135 అధ్యాయాలు. సెమిస్టర్ 15 వారాలనుకుంటే వారానికి తొమ్మిది! అది మీ సిలబస్‌లో ఉంటే మొదటి వారమే మొదలుపెట్టాలి.

కాబట్టి ప్లాన్ పుస్తకాల లెక్కన కాదు, గంటల లెక్కన వేయండి. ఫోన్‌లో అరగంట టైమర్ పెట్టి హాథార్న్ నవల ఎన్ని పేజీలు నడుస్తుందో, ఆర్థర్ మిల్లర్ నాటకం ఎన్ని పేజీలు నడుస్తుందో చూసుకోండి. రెండూ ఒకే వేగంతో సాగవు. ఆ వేగంతో మొత్తం పేజీలను భాగించి, వచ్చిన గంటలకు పావు వంతు కలపండి. సాఫ్ట్‌వేర్ టీముల్లోనూ మొదటి అంచనా ఎప్పుడూ తక్కువే వస్తుంది మరి.

కురవి నుంచి రోజూ కాకతీయ యూనివర్సిటీకి వెళ్లొచ్చే విద్యార్థి సంగతి చూద్దాం. బస్సులో మానుకోట, రైల్లో వరంగల్, మళ్లీ బస్సులో హనుమకొండ. రైల్లో సీటు దొరికితే విట్మన్‌ను తీయొచ్చు. ‘సాంగ్ ఆఫ్ మైసెల్ఫ్’లో 52 భాగాలున్నాయి, వారానికి నాలుగైతే 13 వారాలు. పొడవైన 33వ భాగాన్ని మాత్రం ఇంటికి ఉంచుకోండి. నిలబడాల్సి వస్తే లిబ్రివాక్స్‌లో ఉచిత ఆడియో ఉంది. ఎమర్సన్ వ్యాసాలు రైల్లో ఎక్కవు, తెల్లారి లేచి టేబుల్ ముందు కూర్చోవాల్సిందే. శివరాత్రికి వీరభద్రస్వామి జాతర, ఇంటినిండా చుట్టాలు. ఆ వారం చదువుతామని మనల్ని మనం మభ్యపెట్టుకోవడం ఎందుకు? క్యాలెండర్‌లో ముందే ఖాళీ వదిలేయండి.

అసైన్‌మెంట్ టాపిక్ నాలుగో వారానికల్లా తేల్చుకోండి. అప్పుడు చదివే ప్రతి పేజీ దానికి పనికొస్తుంది. గైడ్‌లో ఉన్న టాపిక్ కన్నా మనకు దగ్గరగా ఉన్నది మేలు. ‘హకిల్‌బెరీ ఫిన్’లో ట్వైన్ రకరకాల మాండలికాలు వాడినట్టు ముందుమాటలోనే చెప్పాడు. జనం మాట్లాడే భాష కోసం కాళోజీ చేసిన వాదన పక్కన దీన్ని పెట్టి చూడండి, రాయడానికి బోలెడంత దొరుకుతుంది.

చాట్‌బాట్‌ను డౌట్లు అడగండి, తప్పులేదు. కొటేషన్ ఇస్తే మాత్రం నమ్మేయకండి. పుస్తకంలో లేని వాక్యాలను కూడా అది ధీమాగా ఇస్తుంది. ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్‌లో పాత పుస్తకాల పూర్తి పాఠం ఉచితం. కంట్రోల్ ఎఫ్ కొట్టి వెతికితే అర నిమిషంలో తేలిపోతుంది.

ఇదంతా సెమిస్టర్ మార్కుల కోసమే కాదు. యూజీసీ నెట్ రెండో పేపర్‌లో సబ్జెక్టు నుంచే 100 ప్రశ్నలు, 200 మార్కులు. ఎవరి మాట, ఏ పుస్తకం, ఏది ముందు ఏది వెనక అని అడిగితే గైడ్ సారాంశం చదివినవాళ్లు ఊహించాలి, పుస్తకం చదివినవాళ్లు గుర్తుపడతారు. నెట్‌కు సిద్ధమవుతుంటే, ప్రతి పుస్తకం పూర్తయిన రోజే ఒక కార్డు మీద సంవత్సరం, పాత్రలు, మీకు నచ్చిన చోటు పేజీ నంబరుతో సహా రాసి పెట్టుకోండి.