ఆర్‌ఆర్‌ఆర్ కూడా ఫ్యాన్ ఫిక్షనే: నేను పట్టుకున్న డీటెయిల్స్, నాకు కనిపించని ఒక్క డీటెయిల్

ఈ ఎపిసోడ్ సగం వివరణ, సగం నా తప్పు దిద్దుకోవడం.

ముందు బేసిక్స్. మనకు నచ్చిన పాత్రల్ని తీసుకుని, అసలు కథలో జరగనిది రాసుకుంటే అదే ఫ్యాన్ ఫిక్షన్. మనకిది కొత్తేం కాదు. మాయాబజార్ శశిరేఖ వ్యాస భారతంలో లేదు. గజేంద్ర మోక్షంలో విష్ణువు లక్ష్మికి కూడా చెప్పకుండా పరుగు తీస్తాడు కదా, అది సంస్కృత భాగవతంలో లేదు, మా జనగామ జిల్లా బమ్మెర పోతన కలిపిందే.

2022 మార్చి 25న వచ్చిన ఆర్‌ఆర్‌ఆర్ కూడా ఇట్లాంటిదే. అల్లూరి సీతారామరాజు, కొమురం భీం నిజ జీవితంలో కలిసినట్టు ఎక్కడా లేదు. ఇద్దరూ కొన్నేళ్లు ఊరికి దూరంగా ఉన్నారు. ఆ ఖాళీలో 1920 నాటి ఢిల్లీలో కలిసి ఉంటే? అదీ రాజమౌళి పట్టుకున్న పాయింట్. ఇది కల్పన అని ఆయన ముందే చెప్పారు.

ఇప్పుడు దాచిపెట్టిన రిఫరెన్సులు చూద్దాం.

ఒకటి, తుపాకులు. సినిమాలో రామ్ పోలీసు ఉద్యోగం చేసేదే తన ఊరికి తుపాకులు చేర్చడానికి. అసలు అల్లూరి పోలీసు కాదు. కానీ 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద దాడి చేసి ఆయుధాలు తీసుకెళ్లాడు. ఆ ముక్కనే తిప్పి రాసుకున్నారు.

రెండు, రామాయణం. భీం సీతను కలిసి, రాముడెవరో తెలుసుకుని, జైలు నుంచి భుజాల మీద ఎత్తుకొస్తాడు. అంటే హనుమంతుడు. పురాణాల్లో భీముడు, హనుమంతుడు ఇద్దరూ వాయుపుత్రులే కదా!

మూడు, నిజాం. అసలు భీం పోరాడింది నిజాం సర్కారు మీద. సినిమాలో నిజాం తరఫు మనిషి వచ్చి బ్రిటిష్ వాళ్లను హెచ్చరించి పోతాడు. అసలు శత్రువు అంతవరకే.

నాలుగోది, మనకు దగ్గరిది. "కొమురం భీముడో" పాట రాసిన సుద్దాల అశోక్ తేజ ఊరు సుద్దాల, జనగామ పక్కనే.

ఇవన్నీ పాత ఎపిసోడ్‌లో చెప్పిన. చివరి సీన్ గురించి కూడా తెగ మెచ్చుకున్న. ఏం కావాలని రామ్ అడిగితే భీం చదువు కావాలంటాడు. రామ్ జెండా మీద జల్, జంగల్, జమీన్ అని రాసిస్తాడు. "ఏం ఎండింగ్ అబ్బా!" అన్న.

ఆ తర్వాత మహబూబాబాద్‌లో ఒక కాలేజీకి మాట్లాడడానికి పోయిన. అయిపోయినంక ఒక తమ్ముడు వచ్చిండు. భూపాలపల్లి వైపు కోయగూడెం వాళ్లది, ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషి. "అన్నా, భీంకు చదువు రాదని మీరు కూడా అనుకున్నరా?" అన్నడు. నా దగ్గర జవాబు లేదు.

రూంకు వచ్చి చదివిన. భీం జీవిత కథల్లో ఏముందంటే, ఆయన చాందాకు పోయి విఠోబా అనే ఆయన ప్రెస్‌లో పనిచేసిండు. చదవడం, రాయడం అక్కడే నేర్చుకున్నడు. ఆ తర్వాత అస్సాం తేయాకు తోటలకు పోయిండు. జల్, జంగల్, జమీన్ అనే నినాదం జనం నోట్లో భీం పేరుతోనే ఉంది. 1940లో జోడేఘాట్‌లో ప్రాణం ఇచ్చింది దానికోసమే. సినిమాలో అదే మాట ఆయన చేతికి వేరేవాళ్లు రాసిస్తే వచ్చింది.

కోడ్ రాసేవాళ్లకు డిఫ్ తెలుసు. పాత ఫైల్, కొత్త ఫైల్ పక్కపక్కన పెడితే కలిపిన లైన్లు పచ్చగా, తీసేసిన లైన్లు ఎర్రగా కనిపిస్తయి. నేను సినిమాలో పచ్చ లైన్లే వెతికిన. తీసేసిన లైను తెర మీద ఉండదు, ఎన్నిసార్లు పాజ్ కొట్టినా దొరకదు. అసలు కథ తెలిసినవాళ్లే చెప్పాలె. ఆ తమ్ముడు చెప్పిండు.

సినిమా చూడొద్దని కాదు. నేను మూడుసార్లు చూసిన, మళ్లీ చూస్త. పోతన కలిపింది చదివినా, రాజమౌళి కలిపింది చూసినా ఆనందమే. కానీ మార్చింది ఎవరి కథనో, వాళ్ల పిల్లలు ఇంకా మన పక్క బెంచీలో కూర్చుని చదువుకుంటున్నరు. అందుకే ఇకనుంచి ప్రతి ఎపిసోడ్‌లో రెండు లిస్టులు పెడుతున్న: ఏం కలిపారు, ఏం తీసేశారు.

మీ ఊళ్లో చెప్పుకునే కథ ఏదైనా సినిమాలో మారిపోయి ఉంటే, ఇంట్లో పెద్దవాళ్లను ఒకసారి అడగండి. ఉంటా మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.