అల్లం బీరు సీసా కడిగిన నీళ్లు ఎక్కడికి పోతాయి?

ప్రశ్న: మాది ఖరగ్‌పూర్ తెలుగు కుటుంబం. ఇప్పుడు హౌరాలోని టికియాపారాలో ఉంటున్నాం. ఇంట్లో అల్లం బీరు, కొంబుచా పులియబెడతాను. అత్తయ్యగారి తరవాణి కుండ కూడా ఉంది. అన్నిటికీ బ్లీచింగే వాడుతున్నాను. వానాకాలం మురుగంతా గుమ్మం ముందుకే వస్తుంటే మనసు ఒప్పుకోవడం లేదు. హాని చేయని మందు ఏదైనా ఉందా?

జవాబు: ఉందండీ, కాకపోతే చాలావరకు అది మందు కాదు, వేడి. ముందు చిన్న మాట. అల్లం బీరు పేరుకే బీరు. పులిసే కొద్దీ అందులోనూ కాస్త ఆల్కహాల్, బోలెడు గ్యాసు పుడతాయి కాబట్టి రెండు మూడు రోజులకే ఫ్రిజ్‌లో పెట్టేయండి. అసలు బీరు లైసెన్సు లేకుండా ఇంట్లో కాస్తే 1909 నాటి బెంగాల్ ఎక్సైజ్ చట్టం ఊరుకోదు. అందుకని ఈ జవాబు మీరు చెప్పిన మూడింటికే.

మీ దిగులు సబబే. వాన గట్టిగా పడితే టికియాపారా కార్ షెడ్ దగ్గర పట్టాలే మునిగి హౌరా రైళ్లు ఆగిపోతుంటాయి. అలాంటి చోట కాలువలో పోసింది కంటికి దూరంగా పోదు.

బ్లీచ్‌తో చిక్కేమిటి? సీసాలో అమ్మే ద్రావణంలో సుమారు 5 శాతం సోడియం హైపోక్లోరైట్ ఉంటుంది. లీటరు నీటికి 4 మిల్లీలీటర్లు కలిపితే 200 పీపీఎం. శుభ్రమైన గాజుకు అంతకు మించి అక్కర్లేదు. మనం మూతలతో పోస్తాం. అందులో ఎక్కువ భాగం చివరికి ఉప్పుగానే మారుతుంది. మురుగులోని సేంద్రియ పదార్థంతో కలిసిన కొద్ది భాగం మాత్రం క్లోరిన్ సమ్మేళనాలుగా మారుతుంది. వాటిలో కొన్ని తొందరగా విచ్ఛిన్నం కావు, నీటి జీవాలకు మంచివి కావు. బ్లీచ్ మీ పానీయానికీ మంచిది కాదు: సరిగా తొలచని సీసాలో క్లోరిన్, టీలోనూ అల్లంలోనూ ఉండే ఫినాలిక్ పదార్థాలు కలిస్తే ఆసుపత్రి వాసన వస్తుంది. స్టీలు పాత్రకైతే గుంటలు పడతాయి. వెనిగర్‌గానీ నిమ్మ ఉప్పుగానీ బ్లీచ్‌లో ఎప్పుడూ కలపకండి. విషపు క్లోరిన్ వాయువు వస్తుంది.

ఇక అసలు సంగతికి వద్దాం. కడగడం వేరు, సూక్ష్మజీవుల్ని చంపడం వేరు. పాత ఈస్టు మడ్డి అంటుకుని ఉన్న సీసాలో ఏ మందు పోసినా ముందు ఆ మడ్డి మీదే ఖర్చయిపోతుంది, కింద దాక్కున్నవి బతికిపోతాయి. కాబట్టి మందు తగ్గాలంటే తోమడం పెరగాలి. సీసా ఖాళీ అయిన వెంటనే తొలిచెయ్యండి. ఎండిపోయిన మడ్డికి గోరువెచ్చని నీళ్లలో చాకలి సోడా వేసి గంటసేపు నానబెట్టి, పొడవాటి బ్రష్‌తో రుద్దండి. నీటి ఉప్పు తెల్లగా పేరుకుంటే నిమ్మ ఉప్పు చాలు.

ఆ తర్వాత ఆవిరి. మరిగే నీళ్లలో ముంచాలంటే గంగాళం, గ్యాసూ కావాలి. ఆవిరికి రెండు గ్లాసుల నీళ్లు చాలు. ఇడ్లీ పాత్ర లాంటి పొడవాటి గిన్నెలో చిల్లుల పళ్లెం పెట్టి, గాజు సీసాలు బోర్లించి, చన్నీళ్లతోనే మొదలుపెట్టి వేడిచేయండి. లేకపోతే గాజు పగులుతుంది. ఆవిరి బాగా పట్టాక పది పదిహేను నిమిషాలు ఉంచండి. మూతలు, స్టీలు గరిటె, గరాటు అన్నీ ఇందులోనే అయిపోతాయి. మిగిలిన నీళ్లు చల్లారాక మొక్కలకు పోసుకోవచ్చు. ఏ మందు నీళ్లనైనా ఇలా పోయగలరా?

ప్లాస్టిక్ సీసాలు వేడికి వంకర్లు పోతాయి. వాటికి హైడ్రోజన్ పెరాక్సైడ్ మేలు. మందుల షాపులో 6 శాతం ద్రావణం దొరుకుతుంది. సమానంగా నీళ్లు కలిపితే 3 శాతం అవుతుంది. లోపలంతా తడిసేలా తిప్పి, పది నిమిషాలు ఉంచి వంపేయండి. అది నీరుగా, ఆక్సిజన్‌గా విడిపోతుంది. ఇక్కడా కడగడమే ముందు: ఈస్టులో కాటలేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, మడ్డి మిగిలి ఉంటే అది పెరాక్సైడ్‌ను నురగగా మార్చి తగలేస్తుంది. రాగి, ఇత్తడి పాత్రలకు ఇది వాడకండి. చేతికి గ్లవ్స్ తొడుక్కోండి.

ఇళ్లలో బీరు కాచే విదేశీయులు వాడే స్టార్ శాన్ అనే మందు సంగతి మీరు విని ఉంటారు. అందులో ప్రధానంగా ఉండేది ఫాస్ఫారిక్ ఆమ్లం, లీటరుకు మిల్లీలీటరున్నర చాలు. ఫాస్ఫేటు నాచుకు ఎరువే, కానీ స్ప్రే సీసాలో పోసి వాడుకునేవారి వల్ల పెద్ద హాని లేదు, బకెట్లు బకెట్లు కలిపి పారబోసేవారి వల్లే. దిగుమతి సరుకు కొనే పని నాకైతే కనిపించదు.

"సహజం" అన్న పేరు చూసి మాత్రం మోసపోకండి. వెనిగర్ వాసన పోగొడుతుంది, సూక్ష్మజీవుల్ని నమ్మకంగా చంపదు. దానిలోనే పుట్టి పెరిగే బాక్టీరియా ఉంది. కుంకుడు రసం బాగా తోముతుంది గానీ అందులోని సాపోనిన్లు చేపలకు విషం. ఫినాయిల్ నేలకే. ప్రఫుల్ల చంద్ర రాయ్ గారి బెంగాల్ కెమికల్స్‌దైనా సరే, దాని వాసన తగిలిన సీసాలో ఏదీ పులియబెట్టకూడదు.

ఇక అత్తయ్యగారి కుండ. దానికి ఏ మందూ వద్దు. మట్టికి సన్నని రంధ్రాలుంటాయి, పోసింది పీల్చుకుని తరవాణిలోకి వదులుతుంది. పైగా తరవాణి పులవడానికి కావలసిన బాక్టీరియా ఆ గోడల్లోనే ఉంటుంది, దాన్ని చంపి మళ్లీ ఎక్కడి నుంచి తెస్తారు? బూజు పట్టకపోతే పీచుతో తోమి, మరిగిన నీళ్లు కాస్త ఆరాక పోసి తొలిచి, ఎండలో పెట్టండి. ఎండ రాని రోజుల్లో పొయ్యి పక్కన బోర్లిస్తే సరి. రంగు బూజు లోపలికి పట్టిందంటే ఆ కుండను పక్కన పెట్టి కొత్తది కొనుక్కోండి, పాత తరవాణి మంచిగా ఉన్నప్పుడే ఒక గ్లాసు వేరే గిన్నెలో తీసి ఉంచుకుంటే కొత్త తరవాణికి తోడు పెట్టడానికి పనికొస్తుంది.