స్ప్రెడ్‌షీటు ఫైళ్ల మధ్య లంకెలు – దోషాలు, సవరణలు

ఒక స్ప్రెడ్‌షీటు ఫైలులోని గడి మరొక ఫైలులోని గడి నుండి విలువను తెచ్చుకొనే ఏర్పాటును బాహ్య లంకె అంటారు. విలువను ఇచ్చే ఫైలును మూల ఫైలు అనీ, తెచ్చుకొనే ఫైలును గ్రాహక ఫైలు అనీ ఈ వ్యాసంలో వ్యవహరించడమైనది. లంకె పూర్తిగా తెగినపుడు సాధారణంగా హెచ్చరిక కనిపిస్తుంది కనుక సరిచేయడం సులభం. లంకె తెగకుండానే పాత విలువనో, పక్క గడి విలువనో చూపినపుడు ఏ హెచ్చరికా రాదు. లెక్కలలో ఎక్కువ నష్టం కలిగించేది ఈ రెండవ రకం.

చరిత్ర

వ్యక్తిగత కంప్యూటర్లపై మొదట ప్రాచుర్యం పొందిన స్ప్రెడ్‌షీటు విసికాల్క్ 1979లో వెలువడినది. 1983లో లోటస్ 1-2-3, 1985లో మాకింటాష్ కొరకు మైక్రోసాఫ్ట్ ఎక్సెల్ వచ్చాయి. ఎక్సెల్ విండోస్ రూపం 1987లో విడుదలైనది. లెక్కలు ఒకే ఫైలులో ఇమడనపుడు వాటిని పలు ఫైళ్లుగా విడదీసి, సారాంశాన్ని వేరొక ఫైలులో కూర్చడం కార్యాలయాలలో వాడుకగా మారినది.

లంకెలు లేనిచోట అంకెలను చేతితో నకలు చేసి అతికించవలసి ఉంటుంది. 2012లో జేపీ మోర్గాన్ బ్యాంకు లండన్ విభాగానికి 600 కోట్ల డాలర్లకు పైగా నష్టం వచ్చినది. నష్టభయాన్ని కొలిచేందుకు అక్కడ వాడిన ఒక నమూనా, ఒక స్ప్రెడ్‌షీటు నుండి మరొకదానికి అంకెలను చేతితో అతికించే పద్ధతిలో నడిచినదని ఆ బ్యాంకు 2013 జనవరిలో వెలువరించిన నివేదిక తెలిపినది. లంకెలు ఇటువంటి చేతిపనిని తప్పిస్తాయి, కానీ వాటికి తమవైన లోపాలు ఉన్నాయి.

లంకె నిర్మాణం

ఎక్సెల్‌లో బాహ్య లంకెకు నాలుగు భాగాలు ఉంటాయి: ఫోల్డరు దారి, చదరపు బ్రాకెట్ల నడుమ ఫైలు పేరు, షీటు పేరు, ఆశ్చర్యార్థక చిహ్నం తరువాత గడి చిరునామా. మూల ఫైలు తెరిచి ఉన్నపుడు ఫోల్డరు దారి కనబడదు; మూసిన వెంటనే పూర్తి దారి కనిపిస్తుంది. ఈ భాగాలలో ఏది మారినా లంకె దెబ్బతినే అవకాశం ఉన్నది.

గ్రాహక ఫైలు చివరిసారి తెచ్చుకొన్న విలువలను తనలోనే భద్రపరచుకొంటుంది. అందువలన మూల ఫైలు లేకపోయినా అంకెలు కనబడుతూనే ఉంటాయి. ఇది సౌకర్యమూ, ప్రమాదమూ కూడా.

ఒక ఉదాహరణ

ఉమ్మడి చిత్తూరు జిల్లాకు చెందిన నగరి, తమిళనాడు సరిహద్దున తిరుపతి – చెన్నై మార్గంలో ఉన్న పట్టణం. నగరి, ఏకాంబరకుప్పం, పుత్తూరు ప్రాంతాలలో మరమగ్గాల నేత ముఖ్యమైన జీవనాధారం. అటువంటి ఒక చిన్న మరమగ్గాల కేంద్రం లెక్కలను ఉదాహరణగా ఊహించుకొనవచ్చును. నూలు నిల్వ ఒక ఫైలులో, నేతగాండ్ర కూలి మరొక ఫైలులో, ఈ రెండింటి నుండి అంకెలు తీసుకొనే నెలవారీ సారాంశం మూడవ ఫైలులో ఉన్నవనుకొందాం. నూలు ఫైలులో 5, 6, 7 అడ్డువరుసలలో వరుసగా 40, 60, 80 కౌంటు నూలు నిల్వలు ఉన్నాయి. సారాంశంలో "60 కౌంటు" అన్న గడి, నూలు ఫైలులోని 6వ వరుసకు లంకె చేయబడినది.

ఒకనాడు సారాంశం మూసి ఉండగా, నూలు ఫైలులో 20 కౌంటు కొరకు 5వ వరుస వద్ద కొత్త వరుసను చేర్చారు. 60 కౌంటు నిల్వ 7వ వరుసకు జరిగినది. సారాంశం మాత్రం 6వ వరుసనే చదువుతుంది, అక్కడ ఇప్పుడు ఉన్నది 40 కౌంటు నిల్వ. రెండూ బస్తాల లెక్కలే కనుక చూచినవారికి అనుమానం రాదు. ఉన్న నూలునే మరల కొనడమో, లేని నూలు ఉన్నదనుకొని మగ్గాలు ఆపుకొనడమో జరుగుతుంది. మగ్గం ఆగితే ఆనాటి కూలి కూడా ఆగుతుంది.

రెండు ఫైళ్లూ తెరిచి ఉండగా వరుసను చేర్చినచో ఎక్సెల్ లంకెను తానే సవరిస్తుంది. నూలు ఫైలులోని ఆ గడికి ఒక పేరు నిర్వచించి, లంకెను ఆ పేరుకు కలిపినచో, వరుసలు జరిగినా పేరు గడితోపాటే జరుగుతుంది.

హెచ్చరిక కనిపించే దోషాలు

మూల ఫైలు పేరు మారినపుడు, వేరొక ఫోల్డరుకు తరలినపుడు, లేదా పెన్‌డ్రైవుకు వేరే డ్రైవు అక్షరం వచ్చినపుడు లంకెలను నవీకరించలేకపోతున్నట్లు సందేశం వస్తుంది. రెండు ఫైళ్లూ ఒకే ఫోల్డరులో ఉండి, ఆ ఫోల్డరు మొత్తంగా తరలినచో లంకె సాధారణంగా నిలుస్తుంది.

మూల ఫైలులోని షీటును, లేదా రెండు ఫైళ్లూ తెరిచి ఉండగా గడిని తొలగించినచో "రెఫ్" దోషం కనిపిస్తుంది. సమ్ఇఫ్, కౌంట్ఇఫ్ వంటి ప్రమేయాలు మూల ఫైలు మూసి ఉండగా "వాల్యూ" దోషాన్ని, ఇన్‌డైరెక్ట్ ప్రమేయం "రెఫ్" దోషాన్ని ఇస్తాయి. మూల ఫైలును తెరిస్తే ఇవి తొలగిపోతాయి. మూసిన ఫైలు నుండి విలువలు కావలసినపుడు సమ్‌ప్రొడక్ట్, వీలుకప్ వంటి ప్రమేయాలను వాడవచ్చును.

హెచ్చరిక కనిపించని దోషాలు

వరుసలు జరగడం కాక, ఈ క్రింది కారణాలు కూడా సాధారణం.

పాత రూపంలోని ఫైలును ఎక్సెల్ 2007తో వచ్చిన కొత్త రూపంలో భద్రపరచినపుడు పాత ఫైలు కూడా అక్కడే ఉండిపోతుంది. లంకె పాత ఫైలునే చదువుతూ ఉండగా, పని మాత్రం కొత్త ఫైలులో సాగుతుంది.

లంకెలు గొలుసుగా ఉన్నపుడు మరొక చిక్కు ఉన్నది. రోజువారీ ఫైలు నుండి నెలవారీ ఫైలు, దాని నుండి వార్షిక ఫైలు అంకెలు తీసుకొంటాయనుకొందాం. నెలవారీ ఫైలును తెరిచి భద్రపరచనంతవరకు వార్షిక ఫైలుకు పాత అంకెలే అందుతాయి.

హెచ్చరికను చూపవద్దని, లంకెలను తానుగా నవీకరించవద్దని ఎవరైనా ఒకసారి నిర్ణయించి ఫైలును భద్రపరచినచో, తరువాత తెరిచినవారికి ఏ సందేశమూ రాదు.

ఫైలు నుండి ఫైలుకు వివరాలు మారేటపుడు జరిగే మౌన దోషాలు ప్రజారోగ్యాన్ని కూడా తాకాయి. 2020 సెప్టెంబరు 25 – అక్టోబరు 2 మధ్య ఇంగ్లండులో 15,841 కోవిడ్ కేసులు రోజువారీ లెక్కలలో చేరలేదు. పాత ఎక్సెల్ రూపంలోని 65,536 వరుసల పరిమితి దీనికి కారణమని వార్తాసంస్థలు తెలిపాయి. ఆ రోగులను కలిసినవారిని గుర్తించే పని అందువలన ఆలస్యమైనది.

దోషాన్ని వెతికే క్రమం

1. ముందుగా అన్ని ఫైళ్లకు నకళ్లు తీసి వేరుగా ఉంచవలెను.
2. మూల ఫైలును తెరిచి, ఆపై గ్రాహక ఫైలును తెరవవలెను. అంకె సరిపడినచో లోపం నవీకరణలోనే ఉన్నదని అర్థం. గొలుసు లంకెలైతే మొదటి మూలం నుండి వరుసగా తెరవవలెను.
3. గణన స్వయంచాలక పద్ధతిలో ఉన్నదో లేదో చూడవలెను. లేనిచో ఎఫ్9 మీట నొక్కవలెను.
4. "డేటా" ట్యాబులోని "ఎడిట్ లింక్స్" వద్ద మూల ఫైళ్ల జాబితా ఉంటుంది. కొత్త ఎక్సెల్‌లో దీని పేరు "వర్క్‌బుక్ లింక్స్". ఫైలు తరలిపోయినచో "చేంజ్ సోర్స్" ద్వారా కొత్త చోటు చూపవచ్చును.
5. జాబితాలో ఉండి గడులలో కనబడని లంకెల కొరకు సూత్రాలలో ఎడమ చదరపు బ్రాకెట్టును వెతకవలెను. నిర్వచించిన పేర్లు, చార్టులు, డేటా వ్యాలిడేషన్, కండిషనల్ ఫార్మాటింగ్ లలోనూ లంకెలు దాగి ఉంటాయి.
6. చివరగా రెండు మూడు అంకెలను మూల ఫైలుతో కంటితో సరిపోల్చవలెను. మౌన దోషాన్ని పట్టుకొనేది ఈ మెట్టు మాత్రమే.

లంకెను తెంచడం

"బ్రేక్ లింక్" వాడినచో సూత్రం పోయి అప్పటి విలువ మాత్రమే మిగులుతుంది. దీనిని వెనుకకు మరల్చడం కుదరదు కనుక, నకలుపై మాత్రమే చేయడం మేలు. సారాంశాన్ని ఆడిటరుకు పంపేటపుడు ఇది ఉపయోగకరం. లంకెలతోనే పంపినచో, తెరపై కనబడని మూల విలువలు కూడా ఫైలులో వెళ్లవచ్చును. ఒక్కొక్క నేతగాని కూలి వివరాలు ఇతరుల చేతికి చేరే అవకాశం ఉన్నది.

ఇతర సాఫ్ట్‌వేర్లు

లిబ్రెఆఫీస్ కాల్క్‌లో లంకెల జాబితా "ఎడిట్" మెనూలో ఉంటుంది. గూగుల్ షీట్స్‌లో ఇంపోర్ట్‌రేంజ్ ప్రమేయాన్ని వాడతారు; మొదటిసారి అనుమతి ఇవ్వనిచో "రెఫ్" దోషం వస్తుంది. ఇందులో గడుల చిరునామా అక్షరాల రూపంలో ఉంటుంది కనుక, మూలంలో వరుసలు చేర్చినచో అది తానుగా మారదు. ఇక్కడ కూడా పేరు నిర్వచించడమే తగిన మార్గం.

ముందు జాగ్రత్తలు

సంబంధిత ఫైళ్లన్నిటినీ ఒకే ఫోల్డరులో ఉంచడం, ఫైలు పేర్లలో నెలను తరచు మార్చకపోవడం, లంకెలున్న గడులకు ప్రత్యేక రంగు వేయడం మంచి అలవాట్లు. మూల ఫైలులోని మొత్తాన్ని సారాంశంలో వేరుగా సరిచూచే గడి ఒకటి ఉంచితే, కొన్ని అంకెలు మాత్రమే పాతబడినపుడు లేదా పక్కకు జరిగినపుడు తేడా బయటపడుతుంది.

ఇవి కూడా చూడండి

స్ప్రెడ్‌షీటు, మైక్రోసాఫ్ట్ ఎక్సెల్, లిబ్రెఆఫీస్, మరమగ్గం, నగరి