సంకీర్ణ సంఖ్య మాపం: ఫార్ములా సరైనదే.. మరి ప్రోగ్రామ్ ఎందుకు తప్పుతోంది?

ఇంటర్ గణితంలో సంకీర్ణ సంఖ్యలు చదివిన పిల్లలు ఇంజినీరింగ్‌లో చేరాక అదే లెక్కను కంప్యూటర్‌తో చేయించాల్సి వస్తుంది. ఫార్ములా తెలిసిందే. కానీ దాన్ని ఉన్నది ఉన్నట్టు ప్రోగ్రామ్‌లో రాస్తే ఒక్కోసారి జవాబు తప్పుతుంది. చాలాసార్లు స్క్రీన్ మీద ఎర్రర్ కూడా రాదు.

మాపం అంటే?

సంకీర్ణ సంఖ్యకు వాస్తవ భాగం, కల్పిత భాగం అని రెండుంటాయి. గ్రాఫ్ మీద ఇదొక బిందువు. మూలబిందువు నుంచి దాని దూరమే మాపం, అంటే మాడ్యులస్. రెండు భాగాల వర్గాలు కూడి వర్గమూలం తీస్తే సరి. భాగాలు 3, 4 అయితే 9, 16 కలిపి 25, దాని వర్గమూలం 5. ఎలక్ట్రికల్ విద్యార్థులకు ఇది రోజువారీ లెక్కే. 3 ఓమ్‌ల రెసిస్టెన్స్, 4 ఓమ్‌ల రియాక్టెన్స్ సిరీస్‌లో ఉంటే మొత్తం ఇంపిడెన్స్ 7 కాదు, 5 ఓమ్‌లు.

చిక్కు ఎక్కడ?

కంప్యూటర్ దశాంశ సంఖ్యలను సాధారణంగా 64 బిట్లలో దాస్తుంది. అందులో పట్టే అతి పెద్ద సంఖ్య సుమారు 1.8×10³⁰⁸. భాగాలు 3×10²⁰⁰, 4×10²⁰⁰ అనుకుందాం. అసలు జవాబు 5×10²⁰⁰ హాయిగా పడుతుంది. కానీ మధ్యలో చేసే వర్గం 10⁴⁰⁰ దాటిపోయి 'ఇన్ఫినిటీ' వస్తుంది. అదే 3×10⁻²⁰⁰, 4×10⁻²⁰⁰ తీసుకుంటే వర్గాలు రెండూ సున్నా అయిపోతాయి, జవాబూ సున్నాయే. ఇన్ఫినిటీ చూస్తే అనుమానమైనా వస్తుంది. సున్నా చూస్తే చాలామంది నిజమే అనుకుని ముందుకెళ్లిపోతారు.

పరిష్కారం

గుర్తులు వదిలేసి, చిన్న భాగాన్ని పెద్ద భాగంతో భాగించాలి. వచ్చినదాని వర్గానికి 1 కలిపి, వర్గమూలం తీసి, పెద్ద భాగంతో గుణించాలి. 3ను 4తో భాగిస్తే 0.75. దాని వర్గానికి 1 కలిపితే 1.5625. వర్గమూలం 1.25. 4తో గుణిస్తే మళ్లీ 5! రెండు భాగాలూ సున్నా అయితే మాత్రం భాగించకుండా సున్నా అని చెప్పేయాలి.

ఇదంతా చేతితో రాయక్కర్లేదు. పైథాన్‌లో 'ఏబీఎస్', సీ భాషలో 'సీఏబీఎస్', జావా, జావాస్క్రిప్ట్‌లలో 'హైపాట్' ఈ జాగ్రత్తలు తీసుకుంటాయి. పైథాన్‌లో కల్పిత భాగానికి 'ఐ' బదులు 'జే' రాయాలి. సీ ప్లస్ ప్లస్‌లో 'నార్మ్' అనే పేరు చూసి మోసపోవద్దు. అది 5 కాదు, 25 ఇస్తుంది.

ప్రోగ్రామ్ రాశాక 3, 4తోనే సరిచూసి ఊరుకోకుండా, బాగా పెద్ద, బాగా చిన్న సంఖ్యలతోనూ ఒకసారి నడిపి చూడటం మంచిది. తప్పు దొరికేది అక్కడే.